అరణ్యంలో ఒక్కరే నడిచినప్పుడు

ఆదివారపు బడిలో పిల్లల చేతికి రంగు పెన్సిళ్ళిచ్చి, యేసు ప్రభువు నలభై రోజులు ఉపవాసమున్న అరణ్యాన్ని గీయమనండి. చాలామంది పెద్ద పెద్ద చెట్లు గీస్తారు. కొమ్మల మీద కోతులు, పొదల వెనక పులి, మధ్యలో మోకరించిన ప్రభువు. అందులో పిల్లల తప్పేమీ లేదు. మన తెలుగు బైబిలులో ఉన్న మాటే ‘అరణ్యము’. ఆ మాట వినగానే మనకు సీతంపేట కొండలు, పార్వతీపురం మన్యం, పచ్చగా కమ్ముకున్న అడవి కళ్ళముందుకొస్తాయి. కానీ ప్రభువు నడిచిన చోట నీడకు ఒక్క చెట్టు దొరకడమే కష్టం. అది యూదయ ఎడారి.

యెరూషలేము సముద్ర మట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. దానికి తూర్పున ఉన్న మృత సముద్రం ఒడ్డు సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది. ఈ రెండింటి మధ్య దూరం నేరుగా చూస్తే పాతిక కిలోమీటర్లే. అంత కొద్ది దూరంలో నేల కిలోమీటరుకు మించి లోతుకు జారిపోతుంది. పడమటి నుంచి వచ్చే మబ్బులు కొండ మీదే కురిసేసి, ఇవతలి వాలుకు చేరేసరికి వట్టిపోతాయి. మృత సముద్రం ఒడ్డున ఏడాది మొత్తం మీద 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మన శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. అక్కడ పదేళ్ళలో చూసే వాన మనం ఒక్క ఏడాదిలో చూస్తామన్నమాట. మంచి సమరయుని కథలోని యెరికో బాట ఈ వాలులోనే ఉంది. దావీదు సౌలుకు చిక్కకుండా తిరిగిన గుహలూ ఇక్కడివే.

మరి మన పెద్దలు దానికి ‘అరణ్యము’ అని ఎందుకు పెట్టారు? 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, డెస్ గ్రాంజెస్ తెలుగులో సువార్తలను అనువదించే పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన విశ్వాసి వారికి తోడు నిలిచాడు. వారి తరవాత ఎందరో ఆ పని కొనసాగించారు. ఆ అనువాద పరంపరలో స్థిరపడిన ఈ మాట పొరపాటు కాదని నేను సెమినరీలో హెబ్రీ చదువుకున్న రోజుల్లోనే గ్రహించాను. సంస్కృతంలో అరణ్యమంటే మొదట చెట్ల గుంపు అని కాదు. ఊరికి అవతలిది, దూరమైనది, మనది కానిది అని అర్థం. గ్రామం ఒకవైపు, అరణ్యం మరోవైపు. హెబ్రీలో ‘మిద్బార్’ అంటే మందలు తిరిగే, ఇళ్ళులేని బీడు నేల. కొత్త నిబంధన గ్రీకులో ‘ఎరేమోస్’ అంటే నిర్జనమైనది. మూడు భాషలూ చెప్పేది ఒకటే. అరణ్యానికి గుర్తు ఇసుకా కాదు, చెట్లూ కాదు. అక్కడ మనుషుల అలికిడి ఉండదు, అంతే. ఇంకో చిన్న సంగతి. మిద్బార్ అనే పదంలో ‘దాబార్’, అంటే ‘మాట’ అనే పదానికున్న హల్లులే ఉన్నాయి. మాటలు లేని చోటి పేరులోనే మాట దాగి ఉంది.

మన దగ్గర ఎడారి ఎక్కడ?

మన దేశంలో ఎడారి జాతీయవనం చూడాలంటే రాజస్థాన్ వెళ్ళాలి. జైసల్మేరు దగ్గర 3,162 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఆ వనం బట్టమేక పక్షికి చివరి ఆశ్రయాల్లో ఒకటి. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో డెత్ వ్యాలీ, జాషువా ట్రీ వంటి ఎడారి పార్కుల్లో నడిచి ఫొటోలు పంపుతుంటారు. 1913 జులై 10న 56.7 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదై ప్రపంచ రికార్డుగా నిలిచింది ఆ డెత్ వ్యాలీలోనే. అలాంటి చోటికి కూడా ఒంటరిగా నడవడానికి వెళ్ళేవారున్నారు. ‘పనీపాటా లేక’ అని మనం నవ్వుకుంటాం. కానీ వారిని లాగుతున్నది ఏమిటో ఒక్కసారి ఆలోచించాలి.

మన ఉత్తరాంధ్రలో ఎడారి లేదు. దాని ఛాయ మాత్రం ఉంది. విజయనగరం జిల్లా సరిహద్దు దాటగానే భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట, హిమయుగం ముదిరిన కాలంలో, సముద్ర మట్టం నేటికంటే 120 మీటర్ల వరకు తక్కువగా ఉండేది. బయటపడిన సముద్రగర్భం నుంచి గాలి ఇసుకను ఎగరేసుకొచ్చి దిబ్బలుగా పోసింది. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పొరలా పట్టి ఎర్రబారింది. వానలు ఆ దిబ్బలను కోసి లోయలు చేశాయి. అలాంటివి తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప దక్షిణాసియాలో మరెక్కడా పెద్దగా కనిపించవు. 2025 సెప్టెంబరులో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ లోయల్లోకి దిగి పది నిమిషాలు నడిస్తే సముద్రపు హోరు కూడా ఆగిపోతుంది. యెషయా చెప్పిన ఎడారి బాట అప్పుడు కొంచెం అర్థమవుతుంది.

ఇక శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరముంది. ఊరికీ ఊరికీ మధ్య సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు దాటి వెళితే మైళ్ళకొద్దీ ఇసుక. మనిషి కనిపించడు. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారం నేను నడిచింది ఆ ఇసుకలోనే. వజ్రపుకొత్తూరు మండలంలోని మంచినీళ్ళపేట నుంచి ఉత్తరంగా బారువ దాకా, రెండు రోజులు, ఒక్కడినే.

ఎందుకు బయల్దేరాను

నేను సేవ చేస్తున్నది ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిసినది ఉద్దానం. ఉద్యానమనే మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనసలతో ఏదెను తోటలా ఉంటుంది. అయితే 1990ల నుంచి ఈ తోటలో మూత్రపిండాల జబ్బు ఇంటింటికీ తిరుగుతోంది. షుగరు, బీపీ లేని కష్టజీవులకు కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా వంశధార నీళ్ళిచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. అది మంచి సంగతే. అయినా ఒకే ఇంట్లో తండ్రిని సమాధి చేసిన గోతి పక్కనే కొడుకుకు గొయ్యి తవ్వడం నేను చూశాను.

అలాంటి ఒక సమాధి కార్యక్రమంలో ఆ ఇంటి ఇల్లాలు నా చెయ్యి పట్టుకుని, “అయ్యగారూ, దేవుడు మాకే ఎందుకిలా చేశాడు?” అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నవాణ్ణి. యోబు గ్రంథం మీద పరీక్షలు రాసినవాణ్ణి. ఆ రోజు నా నోట మాట రాలేదు. ఆ తరవాత రెండు ఆదివారాలు పాత నోట్సు చూసి ప్రసంగం చెప్పాను. నూతిలో బాల్చీ వేస్తే అడుగున రాయి తగిలిన చప్పుడే వినిపించినట్టుంది నా లోపల. సంఘ పెద్దలకు చెప్పి బయల్దేరాను.

భుజాన సంచీలో నాలుగు లీటర్ల నీళ్ళు, అటుకులు, బెల్లం, చిన్న బైబిలు, దుప్పటి. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు. మన రోజువారీ బ్రదుకులో నీటికి బరువుందని మనకు తెలియదు. భుజం మీద మోస్తేగానీ తెలియదు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో దప్పికతో మోషే మీద సణిగారని చదివి వారిని తప్పుపట్టేవాళ్ళం. ఒక మధ్యాహ్నం ఇసుకలో నడిస్తే వారిమీద జాలి కలుగుతుంది.

మొదటి మూడు గంటలు నేనేమీ ప్రార్థించలేదు. ప్రార్థించాలని కూర్చుంటే సంఘం లెక్కలు, మనవరాలి జ్వరం, ఎవరో ఎప్పుడో అన్న మాట, అన్నీ వరసగా వచ్చి ఎదురు కూర్చున్నాయి. ఏకాంతానికి వెళితే వెంటనే దేవుని స్వరం వినిపిస్తుందనుకోకండి. ముందు మన గోలే వినిపిస్తుంది. ఊళ్ళో ఉన్నప్పుడు బయటి గోల దాన్ని కప్పేస్తుంది. అరణ్యంలో ఆ మూత తీసేస్తారు. ప్రభువుకు శోధన ఎదురైంది కూడా అరణ్యంలోనే కదా!

మధ్యాహ్నానికి ఆ గోల అలసిపోయింది. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. ఇసుక మీద ముళ్ళబంతి లాంటిదొకటి గాలికి దొర్లుకుంటూ నా ముందు నుంచి వెళ్ళింది. పల్లెకారులు దాన్ని రావణాసురుడి మీసాలంటారు. అది ఇసుక గడ్డి విత్తుల గుత్తి. ఎండిపోయాకే మొక్క నుంచి విడిపోయి, గాలి ఎటు తోస్తే అటు దొర్లి, దారి పొడవునా విత్తులు రాలుస్తుంది. ఆ గడ్డి వేళ్ళే దిబ్బలను కదలకుండా పట్టి ఉంచుతాయి. కొంచెం ముందుకెళితే తడి ఇసుక మీద ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడ. రాత్రి ఒడ్డెక్కిన ఆలివ్ రిడ్లే తాబేలుది. ఆ తల్లి వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. సుమారు రెండు నెలల్లో ఆ పిల్లలు పైకొచ్చి, ఎవరూ చెప్పకుండానే నీటివైపు నడుస్తాయి. నా పని ఎండిపోయిందని అనుకుంటూ నడుస్తున్న నాకు ఈ రెండూ చాలాసేపు సరిపడా ధ్యానమయ్యాయి.

ఆమె అడిగిన ప్రశ్న

ఒక చోట వలలు ఆరబెట్టుకుంటున్న పెద్దావిడ నన్ను ఆపింది. “ఏటి బాబూ, ఈ ఎండలో ఒక్కరే ఎల్తన్నారు? దారి తప్పినారేటి?” అంది. “లేదమ్మా, పాస్టరునే. దేవుడితో రెండు రోజులు ఒంటరిగా ఉందామని నడుస్తున్నాను” అన్నాను. ఆవిడ కాసేపు నావైపు చూసి, “అదేటి బాబూ! మా ఊర్లో నేడేటి దేవుడు?” అంది. అని, కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది.

నేను నవ్వి, నీళ్ళు తాగి, దణ్ణం పెట్టి బయల్దేరాను. కానీ మిగిలిన దారంతా ఆ మాట నాతో నడిచింది. దేవుడు ఊళ్ళో ఉంటే అరణ్యానికి ఎందుకు పోవాలి? పోయేవారు దేవుని వెతుక్కుంటూ పోతున్నారా, మనుషుల బాధ మోయలేక పారిపోతున్నారా?

ఆ రాత్రి సరుగుడు తోపు అంచున టార్చిలైటు వెలుగులో ఏలీయా కథ మళ్ళీ చదివాను (1 రాజులు 19). ఏలీయాది పారిపోవడమే. యెజెబెలుకు భయపడి, పనివాణ్ణి బెయేర్షెబాలో వదిలి, ఒక దినం ప్రయాణమంత దూరం ఒక్కడే అరణ్యంలోకి పోయి, చచ్చిపోతే బాగుండునని కోరుకున్నాడు. మన బైబిలులో అతడు పడుకున్న చెట్టును బదరీవృక్షమన్నారు, అంటే రేగుచెట్టు. హెబ్రీ మూలంలో ఉన్నది ‘రోతెం’ అనే పొద. ఎడారి వాగుల్లో పెరిగే చీపురు పుల్లల్లాంటి మొక్క. దాని నీడ ఒక మనిషి తలకే చాలుతుంది. ఆ పాటి నీడలో పడుకున్నవాడికి దేవుడు ఏం చేశాడు? కోప్పడలేదు. ప్రసంగం చెప్పలేదు. రొట్టె కాల్చి, నీళ్ళబుడ్డి పెట్టి, లేచి తినమన్నాడు. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. నలభై రోజులు నడిచి హోరేబు చేరాకే ప్రశ్న అడిగాడు. గాలి, భూకంపం, మంట అన్నీ పోయాక మెల్లని స్వరంతో మాట్లాడాడు.

ఆ స్వరం చెప్పిందేమిటో గమనించండి. తిరిగి వెళ్ళమంది. వెళ్ళి హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించమంది. తానొక్కడే మిగిలానని ఏలీయా అంటే, కాదు, ఇంకా ఏడువేలమంది ఉన్నారని చెప్పింది. దేవుడు అతనికి అరణ్యంలో కాపురం పెట్టనివ్వలేదు. ఊరి సంగతి చెప్పడానికే అరణ్యం దాకా నడిపించాడు. పెద్దావిడ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. దేవుడు ఊళ్ళో ఉన్నాడు. అది మళ్ళీ కనబడేలా కళ్ళు కడుక్కోవడానికే అరణ్యం.

లేఖనమంతా ఇదే వరస. మోషే మందను తోలుకుంటూ హోరేబుకు వెళ్ళాడు. మండే పొద దగ్గర విన్న మాట ఐగుప్తుకు వెళ్ళమని. ప్రభువు అరణ్యంలో నలభై దినాలుండి గలిలయ ఊళ్ళకు వచ్చాడు. మరోసారి ఇంకా చీకటుండగానే లేచి నిర్జన స్థలానికి వెళ్ళి ప్రార్థించాడు (మార్కు 1:35). శిష్యులు వెతుక్కుంటూ వస్తే, చుట్టుపక్కల గ్రామాలకు పోదాం పదండని లేచాడు. అలసిన శిష్యులకు తినడానికి కూడా తీరిక లేనప్పుడు, ఏకాంతంగా వచ్చి కొంచెం విశ్రమించమని ఆయనే పిలిచాడు (మార్కు 6:31). ఆ పిలుపులో కాలపరిమితి చూశారా? కొంచెంసేపే. పడవ ఒడ్డుకు చేరేసరికి జనం అక్కడికే వచ్చేశారు. ఆయన విసుక్కోలేదు, కనికరపడ్డాడు.

సంఘ చరిత్రా ఇదే సాక్ష్యమిస్తుంది. ఐగుప్తు దేశపు ఆంథోనీ సుమారు 285లో నైలునది దాటి, పాడుబడ్డ కోటలో ఇరవై ఏళ్ళు ఒంటరిగా గడిపాడు. ఆయన జీవిత చరిత్రను బిషప్ అతనాసియస్ రాశాడు. 311లో క్రైస్తవులను చెరల్లో వేస్తున్నారని తెలియగానే ఆ ఎడారి మనిషి నేరుగా అలెగ్జాండ్రియా నగరానికి వచ్చి, ఖైదీలకు పరిచర్య చేశాడు. ఫ్రాన్సు దేశీయుడు షార్ల్ ద ఫూకో సహారా ఎడారిలో తమన్రాసెట్ అనే కుగ్రామంలో కాపురముండి, తువారెగ్ ప్రజల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చాడు. 1916 డిసెంబరు 1న అక్కడే హతుడయ్యాడు. ఆయన పరిచర్యకు మతం మారినవారి లెక్క అంటూ చెప్పుకోదగ్గదేమీ లేదు. 2022 మే 15న ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఇద్దరూ ఏకాంతంలోకి వెళ్ళినవారే. ఆ ఏకాంతం వారిని మనుషులకు మరింత దగ్గర చేసింది.

మీరూ వెళ్ళాలనుకుంటే

ఇది చదివి కుర్రాళ్ళు సంచీ తగిలించుకుని బయల్దేరే ముందు నాలుగు మాటలు. ఒంటరిగా వెళ్ళడం వేరు, చెప్పకుండా వెళ్ళడం వేరు. ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. అమెరికా ఎడారి పార్కుల్లో అధికారులు చెప్పే మొదటి జాగ్రత్త అదే. రెండోది, మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు. మన తీరంలో నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఏప్రిల్, మే ఎండల్లో ఆ సాహసం వద్దు. తుఫాను హెచ్చరిక ఉంటే గడప దాటొద్దు. ఏరు సముద్రంలో కలిసే మొగలో లోతు తెలియకుండా దిగొద్దు, పడవవాళ్ళను అడగండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో రాత్రిపూట ఒడ్డున లైట్లు వేయొద్దు, గుడ్లు ముట్టుకోవద్దు. ఫోను కట్టేసి సంచీలో ఉంచండి, కానీ ఇంట్లో వదిలి వెళ్ళొద్దు.

అందరూ వెళ్ళలేరు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలు, చంటిపిల్లల తల్లులు, ఒంటరిగా వెళ్ళడానికి భయపడే ఆడపిల్లలు నిరాశపడనక్కర్లేదు. ప్రభువు వెళ్ళిన నిర్జన స్థలం కపెర్నహూము నుంచి శిష్యులు వెతికి పట్టుకోగలిగినంత దూరంలోనే ఉంది. మీ ఊరి చెరువుగట్టు, డాబా మీద తెల్లవారుజాము, పొలం గట్టున మధ్యాహ్నపు అరగంట, ఇవి చాలు. అరణ్యమంటే ఊరికి అవతలిదని చెప్పుకున్నాం. మన గోలకు అవతల ఉన్నదేదైనా అరణ్యమే.

ఆ ఇల్లాలి ‘ఎందుకు’కు నాకు ఇసుకలో జవాబు దొరకలేదు. అది నిజం. దొరికింది వేరొకటి. దేవుడు ఏలీయాకు ముందు పెట్టింది జవాబు కాదు, నీళ్ళూ రొట్టే. అందుకని ఇప్పుడు వారానికో రోజు డయాలసిస్‌కు వెళ్ళేవారితో ఆటోలో పలాస దాకా వెళుతున్నాను. గంటలకొద్దీ అక్కడ కూర్చుంటాను. ప్రసంగం చెయ్యను. అడిగితే ప్రార్థిస్తాను, అడగకపోతే కబుర్లు చెబుతాను. ఆ ఇంటికీ వెళుతున్నాను. ఆమె మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. నేను వస్తే చాప వేస్తుంది.

బైబిలులో అరణ్యంలో ఒంటరిగా నడిచిన మొదటి మనుషుల్లో ఒకరు ప్రవక్త కాదు, ఒక దాసి. హాగరు. బెయేర్షెబా అరణ్యంలో తిత్తిలో నీళ్ళు అయిపోయాయి. బిడ్డ చావు చూడలేక వింటివేత దూరంలో కూర్చుని ఏడ్చింది. దేవుడు ఆమె కన్నులు తెరిచాడు, అక్కడొక నీళ్ళ ఊట కనిపించింది (ఆదికాండము 21). ఆ ఊటను అప్పటికప్పుడు పుట్టించాడని లేఖనం చెప్పడం లేదు. ఉన్నదాన్ని చూపించాడు. ఆమె లేచి వెళ్ళి తిత్తి నింపింది. తాను తాగిందో లేదో అక్కడ రాయలేదు. బిడ్డకు తాగించిందని మాత్రం రాసి ఉంది.

ప్రభువు మనకూ ఆ కళ్ళను, ఆ తిత్తిని ఇచ్చును గాక!